పాత సఫారీకి ముందు షాక్‌లు: రుద్రంపేట బైపాస్ షెడ్డులో చేయించిన పని

అనంతపురంలో గానీ చుట్టుపక్కల గానీ పాత టాటా సఫారీ ఉన్నవాళ్ళు ముందు వైపు షాకబ్జార్లు (గతుకుల్లో బండి ఊపును ఆపేవి, షాక్‌లు అంటాం) మార్పించాలనుకుంటే రుద్రంపేట బైపాస్ దగ్గర, లారీ బాడీలు కట్టే వరుస వెనకున్న చిన్న షెడ్డుకు పొండి. షెడ్డుకు బోర్డు లేదు. ముందర ఒక పెద్ద వేపచెట్టు, దాని కింద ఎప్పుడు చూసినా ఒకటో రెండో పాత సుమోలు నిలబడి ఉంటాయి, అదే గుర్తు. పోయిన నెల మా బండికి అక్కడ పని చేయించాను. పని నాకు బాగా నచ్చింది కాబట్టి అక్కడి మేస్త్రి ఎట్లా చేశాడో వివరంగా రాస్తున్నాను. నచ్చనివీ ఉన్నాయి, అవీ చెప్తాను.

మాది 2010 మోడల్ సఫారీ, 2.2 డైకోర్ డీజిల్ ఇంజను. 2021 నుంచి అదే పేరుతో షోరూముల్లో అమ్ముతున్న బండి వేరు. మాది చేసిస్ (కింది ఇనుప చట్రం) మీద బాడీ కూర్చోబెట్టిన పాత రకం. నార్పల దాటాక మా చీనీ (బత్తాయి) తోట. తారు రోడ్డు దిగినాక తోట దాకా రాళ్ళ బాట, వాన పడితే వంకలో నీళ్ళు. మా ఆయనకు బెంగుళూరులో ఉద్యోగం. తోట చూసేదీ బండి నడిపేదీ నేనే. డ్రిప్పు పైపులు, ఎరువు బస్తాలు, కోత సమయంలో కాయల క్రేట్లు అన్నీ దీంట్లోనే పోతాయి. పోయినేడు ఆర్సీ ఇంకో ఐదేళ్ళకు రెన్యువల్ చేయించుకున్నాం. ఇంజను చక్కగా ఉంది. అమ్మే ఆలోచన లేదు.

ఈ మధ్య బ్రేకు తొక్కితే మూతి కిందికి దిగిపోయేది. స్పీడ్ బ్రేకరు దాటినాక ముందు భాగం ఊగి ఊగి గానీ నిలిచేది కాదు. ఎడమ చక్రం వైపు గుంత దాటేటప్పుడు ఠక్కుమని చప్పుడు. ముందు టైర్ల అంచుల మీద చెయ్యి పెట్టి రాస్తే గుంతలు గుంతలుగా అరిగినట్టు తెలిసేది. షాకు పట్టు పోయినప్పుడు చక్రం రోడ్డుకు అతుక్కోకుండా చిన్న చిన్నగా ఎగురుతూ పోతుంది, టైరు అట్లా అరుగుతుంది. మా అత్తకు నడుము నొప్పి. నెల నెలా డాక్టరుకు చూపించడానికి టౌనుకు తీసుకురావాలి. తోట దగ్గర ఇంటి నుంచి శింగనమల రోడ్డు మీదికి వచ్చేలోపే ఆమె ముఖం వాడిపోయేది. అది చూసినాక ఇంక వాయిదా వేయబుద్ధి కాలేదు.

మొదట టౌనులో ఒక పెద్ద సర్వీసు సెంటరుకు పోయాను. పేరు చెప్పను. బండిని ఒక రౌండు నడిపి చూసి, చక్రం కూడా విప్పకుండా, ముందు షాక్‌లు, లోయర్ ఆర్ములు (చక్రాన్ని మోసే కింది చేతులు), నాలుగు బాల్ జాయింట్లు (ఆర్ము కొసన చక్రాన్ని పట్టే గుండ్రటి కీళ్ళు), టై రాడ్ ఎండ్లు (స్టీరింగు కడ్డీల కొసలు) అన్నీ కలిపి ముప్పై వేలు దాటే ఎస్టిమేటు చేతిలో పెట్టినారు. పాత బండి గదా, అన్నీ ఒకేసారి మార్చేస్తే మంచిది మేడం అన్నారు. ఏ బాల్ జాయింటులో ఎంత ఆట (వదులు) ఉందో చూపించండి అంటే జవాబు లేదు. బండి పాతదైతే అందులోని ప్రతి భాగమూ పోయినట్టేనని లెక్క కట్టేవాళ్ళ దగ్గర నాకు నమ్మకం కుదరదు. పక్క తోట రెడ్డిగారు తన సుమోకు అన్నీ చేయించేది బైపాస్ షెడ్డులోనేనని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చినారు.

ఫోన్‌లోనే ఆ మేస్త్రి అడిగిన మాటతో నాకు సగం నమ్మకం వచ్చింది. "అక్కా, టౌన్లో ఎక్కడా నిలపద్దు. తోట నుంచి గతుకుల్లో నడుపుకుంటా నేరుగా షెడ్డుకే రా" అన్నాడు. ఎందుకో అక్కడికి పోయినాక తెలిసింది. బండి ఆపీ ఆపకముందే కిందికి వంగి రెండు ముందు షాక్‌ల మీదా చెయ్యి పెట్టి చూశాడు. నన్నూ పెట్టి చూడమన్నాడు. కుడిది బాగా వెచ్చగా ఉంది, ఎడమది చల్లగా ఉంది. షాకు లోపల పిస్టన్ నూనెలో కదులుతుంది. ఆ నూనె సన్నటి వాల్వుల గుండా దూరి పోవాల్సి వస్తుంది, ఊపులో ఉన్న శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల్లో నడిచి వచ్చిన షాకు వేడెక్కలేదంటే అది పని చేయలేదని అర్థం. ఎడమ షాకు ఒంటి మీద నూనె కారి, దాని మీద మట్టి గడ్డ కట్టి ఉంది. కుడిదానికి సన్నటి తేమ మాత్రమే ఉంది. అంత తేమ ఉండటం మామూలేనని, ధారగా కారితేనే సీలు పోయినట్టని చెప్పాడు. మీదుండే దుమ్ము తొడుగు చిరిగిపోయి ఇసుక రాడ్డుకు అంటుకుంది, ఆ ఇసుకే సీలును కోసింది. మా రోడ్ల దుమ్ముకు ఇది జరగక తప్పదు.

అయినా షాక్‌లు విప్పడానికి వెంటనే చెయ్యి పెట్టలేదు. టేపు తెచ్చి చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలిచాడు. ఎడమ వైపు కుడికంటే రెండు వేళ్ళు ఎత్తుగా ఉంది. "చూడక్కా, షాకులు పోయినాయి, అది నిజమే. కానీ ఈ బండి ఇంత ఎత్తు ఉండకూడదు. ఎవరో బారు బిగించినారు" అన్నాడు.

ఈ మాట పాత సఫారీ ఉన్న ప్రతివాళ్ళకూ తెలియాలి, అందుకే కాస్త విడమరుస్తాను. ఇప్పటి చాలా కార్లలో ముందు వైపు కాయిల్ స్ప్రింగూ షాకూ కలిపి ఒకే స్ట్రట్‌గా ఉంటాయి. షాకు మార్చాలంటే ముందు స్ప్రింగును పనిముట్టుతో అదిమి పట్టాలి. పట్టు జారితే మనిషికే ప్రమాదం. మా బండికి ముందు కాయిల్ స్ప్రింగు లేదు. దాని బదులు చేసిస్ వెంబడి పోయే పొడుగాటి ఉక్కు కడ్డీ ఉంటుంది, టార్షన్ బారు అంటారు. ఒక కొస చక్రాన్ని మోసే ఆర్ముకు, ఇంకో కొస చేసిస్‌కు. చక్రం పైకి లేచినప్పుడల్లా ఆ కడ్డీ తడి పంచెను పిండినట్టు మెలి తిరుగుతుంది. మెలిక విప్పుకోవాలని అది చూపే బలమే బండి ముందు బరువును మోస్తుంది. షాకు విడిగా పక్కన ఉంటుంది, దానికి బరువు మోసే పని లేదు, ఊపు ఆపడమే దాని పని.

ఆ బారు వెనక కొసన ఒక అడ్జస్టరు బోల్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే బండి ముందు భాగం ఎత్తు పెరుగుతుంది. షాకు చచ్చిపోయి బండి అడుగు తగులుతోందని చెప్తే, షాకు మార్చకుండా ఈ బోల్టు బిగించి పంపించే మెకానిక్‌లు ఉన్నారు. ఆ రోజుకు చప్పుడు తగ్గుతుంది, చేతి ఖర్చూ ఉండదు. కానీ బండి ఎత్తు పెరిగేసరికి చక్రం కిందికి దిగడానికి ఉండాల్సిన జాగా తగ్గిపోతుంది. గుంతలోకి చక్రం దిగీ దిగకముందే ఆర్ము పోయి రబ్బరు స్టాపరుకు కొట్టుకుంటుంది. నాకు వినిపించిన ఆ ఠక్కుమనే చప్పుడు అదే. టార్చి వేసి ఆ రబ్బరు స్టాపరు నలిగిపోయి ఉండటం, అడ్జస్టరు బోల్టు మర ఎడమ వైపు ఎక్కువగా లోపలికి పోయి ఉండటం చూపించాడు. ఎత్తు అట్లాగే ఉంచి కొత్త షాక్‌లు వేస్తే అవీ ఎప్పుడూ పూర్తిగా సాగిన చోటే పని చేయాల్సి వచ్చి తొందరగా పాడైపోతాయన్నాడు. పెద్ద సర్వీసు సెంటరు ఎస్టిమేటులో ఇన్ని భాగాలు రాసినవాళ్ళు ఈ ఒక్కటీ చూడలేదు. ముప్పై వేలు పోసి అవన్నీ మార్పించినా ఆ చప్పుడు పోయేది కాదు.

బాల్ జాయింట్ల సంగతీ అప్పుడే తేల్చేశాడు. బండిని జాకీతో లేపి, చేసిస్ కింద స్టాండ్లు పెట్టి (స్టాండు లేకుండా బండి కిందికి ఎవర్నీ దూరనివ్వడు, ఇది నాకు చాలా నచ్చింది), చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు, తర్వాత పక్కలు పట్టుకుని ఊపాడు, ఆర్ము కింద రాడ్డు పెట్టి లేపి చూశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టి జాయింటు మీద వేలు పెట్టమన్నాడు. ఆట లేదు. "ఇవి బాగున్నాయి, ఎందుకు మార్చేది? స్టెబిలైజరు లింకు బుష్‌లు ఎండిపోయినాయి, అవి మార్చుదాం" అన్నాడు. స్టెబిలైజరు అంటే మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీ, బుష్‌లంటే దాని లింకులకుండే రబ్బరు ముక్కలు. వాటి ఖరీదు మూడు వందల లోపే.

సామాను మనమే తెచ్చుకోవాలి, లేకపోతే కుర్రాణ్ణి పంపి తెప్పిస్తాడు. నేనే పోయి తెచ్చుకున్నాను, పాతూరులో స్పేర్ పార్ట్స్ అంగళ్ళు నాకు తెలిసినవే. పోయేముందు ఏం చూసుకోవాలో చెప్పి పంపాడు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి తేవాలి. ఎడమది పోయింది గదా అని ఒక్కటే మార్చకూడదు. ఒక వైపు పట్టు ఉండి ఒక వైపు లేకపోతే బ్రేకు పడ్డప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉండాలి. గ్యాసు షాకు అయితే దాన్ని నొక్కి బెల్టుతో కట్టి ఉంటారు, బెల్టు కోస్తే తనంతట తానే మెల్లగా సాగాలి. మొదటి అంగట్లో చూపించిన వాటి మీద కంపెనీ పేరైతే ఉంది గానీ తేదీ లేదు, ధర స్టిక్కరు లేదు, వద్దని వచ్చేశాను. రెండో అంగట్లో గేబ్రియల్‌వి దొరికాయి. 1961లో మొదలైన మన దేశపు కంపెనీ, పాత బండ్ల మెకానిక్‌లందరికీ తెలిసిన పేరు. జత ఐదు వేల లోపే పడింది.

బిగించడంలో అతను చూపిన శ్రద్ధ గురించి తప్పకుండా రాయాలి. డబ్బాలో పడుకోబెట్టి ఉన్న షాకు లోపలి గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది. కొత్త షాకును నిటారుగా పట్టుకుని పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి, అట్లా కొన్నిసార్లు చేస్తే ఆ గాలి నూనె మీదికి పోతుంది. ఇది చేయకుండా బిగిస్తే మొదట్లో పట్టు సరిగ్గా దొరకదు. ఈ పని అతను రెండింటికీ చేశాడు, మొదటి రెండు నొక్కుల్లో ఉన్న వదులు తర్వాత పోవడం నేనే చేత్తో చూశాను.

పాతవి విప్పేటప్పుడు ఎడమ వైపు పై నట్టు తుప్పుతో పట్టేసింది. నట్టు తిప్పితే దాంతో పాటు రాడ్డు కూడా తిరుగుతుంది. కుర్రాడు గ్యాస్ కటింగ్ పెడదామన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, టీ తాగేంత సేపు వదిలి, రాడ్డు కొసను ఒక స్పానరుతో పట్టుకుని ఇంకో స్పానరుతో నట్టును కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు కదిలిస్తూ తీశాడు. పైన బిగించేటప్పుడు రబ్బరు బుష్ దాని వాషరు అంచు దాకా ఉబ్బేంతే బిగించాడు, అంతకు మించి నలపలేదు. కింది బోల్టును బండి గాల్లో ఉండగా ఊరికే పట్టించి వదిలాడు. చక్రాలు తొడిగి, బండి నేల మీదికి దించి, బరువు పడినాకే గట్టిగా బిగించాడు. చక్రం వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు ఆ స్థితిలోనే పట్టేసుకుంటుంది, బండి దించేసరికి అది ఎప్పుడూ మెలి తిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. నేను ఇంతకు ముందు చూసిన షెడ్లలో ఎవరూ ఇంత దూరం ఆలోచించి చేయలేదు.

తర్వాత టార్షన్ బార్లు. చక్రాలు లేపి, అడ్జస్టరు కొంచెం వదులు చేసి, బండి దించి, ముందుకూ వెనక్కూ తోసి, మళ్ళీ టేపుతో కొలిచి, మళ్ళీ లేపి. రెండు వైపులా సమానం అయ్యేదాకా విసుగు లేకుండా చేశాడు. టైర్లలో గాలి కూడా ఎక్కువగా ఉందని డ్రైవరు డోరు దగ్గరున్న స్టిక్కరు చూసి తగ్గించాడు.

చివర్లో అలైన్‌మెంటు (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయించుకోమన్నాడు. తన దగ్గర ఆ మెషీను లేదు. ఈ బండికి వట్టి షాక్‌లే మార్చి ఉంటే అలైన్‌మెంటు అవసరం లేదని, స్ట్రట్ ఉన్న బండ్లకైతే షాకు మార్చినా కావాలని, మనం ఎత్తు మార్చాము కాబట్టి ఇప్పుడు తప్పదని కారణంతో సహా చెప్పాడు. మరుసటి రోజు వేరే చోట చేయించాను. కొలతలు నిజంగానే పక్కకు పోయి ఉన్నాయి.

ఇప్పుడు బండి ఎట్లా ఉందంటే, బ్రేకు పట్టినప్పుడు మూతి కొద్దిగా వంగి అక్కడే ఆగుతుంది. స్పీడ్ బ్రేకరు మీద ఒకసారి లేచి కూర్చుంటుంది, ఊగదు. ఎన్‌హెచ్ 44 మీద లారీని దాటేటప్పుడు పక్క గాలికి ముందు భాగం కదిలిపోయేది, అది పోయింది, స్టీరింగు మీద చేతులు బిగించి పట్టుకోవాల్సిన పని లేదు. ఠక్కుమనే చప్పుడు పూర్తిగా పోయింది. షాక్‌లు మారిస్తే బండి పరుపులా మెత్తబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చిన్న చిన్న రాళ్ళు, తారు అతుకులు ముందుకంటే కొంచెం ఎక్కువే తెలుస్తున్నాయి, కొత్త షాక్‌ల పట్టు అట్లాగే ఉంటుంది. తగ్గింది ఊపు. నడుము నొప్పి ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టేది ఆ ఊపే. మా అత్త టౌను దాకా వచ్చి, దిగేటప్పుడు నా భుజం పట్టుకోకుండా దిగింది. పెట్టిన ఖర్చుకు నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

షాక్‌లు, బుష్‌లు, కూలి, అలైన్‌మెంటు అన్నీ కలిపి ఏడు వేలు కాలేదు. టార్షన్ బార్ల మీద అంతసేపు కష్టపడ్డాడు గదా, దానికి విడిగా ఎంత అని అడిగితే షాక్‌ల కూలిలోనే వచ్చిందన్నాడు. నేనే బలవంతంగా కొంత ఎక్కువ ఇచ్చాను. పాత షాక్‌లు అడగకముందే డిక్కీలో పెట్టించాడు. ఎడమది చేత్తో నొక్కితే ఏ అడ్డూ లేకుండా లోపలికి పోతుంది, నొక్కినాక పైకి రాదు.

ఆడమనిషి బండి తెస్తే చాలా షెడ్లలో "సార్‌తో మాట్లాడతాం, ఫోన్ చేయండి" అంటారు. ఇక్కడ ఆ మాట రాలేదు. ప్రతిదీ నాకే చూపించాడు, నన్నే అడిగాడు, నేను వద్దంటే మానుకున్నాడు. కుర్రాళ్ళు కూడా మర్యాదగా ఉన్నారు. తోటలో నేను నడిపే పని మీద నాకు ఎంత పట్టు ఉందో ఈయనకు తన పని మీద అంత ఉంది, అందుకే అడిగిన ప్రశ్నకు విసుక్కోడు.

ఇక నచ్చనివి. మధ్యాహ్నానికి ఇస్తానన్న బండి దీపాలు పెట్టే వేళకు ఇచ్చాడు. మధ్యలో వచ్చిన వాళ్ళ చిన్న పనులకు లేచి పోతుంటాడు. కూర్చోడానికి చెట్టు కింద రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు తప్ప ఏమీ లేవు. బాత్రూము లేదు, ఆడవాళ్ళకు ఇది పెద్ద ఇబ్బంది, బండి వదిలేసి టౌనులో వేరే పని చూసుకుని రావడం మేలు. బిల్లు అడిగితేనే తెల్లకాగితం మీద రాసిస్తాడు. నట్లు బిగించేది చేతి అంచనాతోనే, ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచి లేదు. ఇంత పని తెలిసిన మనిషి దగ్గర అది ఉంటే ఇంకా బాగుంటుందని ఆయనతోనే అన్నాను, తీసుకుంటానన్నాడు. కుర్రాళ్ళు తుప్పు కొట్టేటప్పుడు కళ్ళకు అద్దాలు పెట్టుకోవడం లేదు. ఇది మాత్రం గట్టిగానే చెప్పి వచ్చాను, చిన్నపిల్లలు వాళ్ళు.

పోయే ముందు ఫోన్ చేసి పొండి, పెద్ద పనైతే ఒక రోజుకు రెండు బండ్లకు మించి ఒప్పుకోడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షెడ్డు మూస్తారు. పొద్దున్నే తొమ్మిదికి పోతే ఆయన చేతే మొదలవుతుంది, ఆలస్యంగా పోతే విప్పేది కుర్రాళ్ళు. వెనక షాక్‌లు కూడా చూపించాను, ఇంకా పట్టు ఉంది, ఇప్పుడు మార్చొద్దన్నాడు. కోత మొదలై క్రేట్ల బరువు పడకముందే ఒకసారి తెచ్చి చూపించమన్నాడు, తీసుకుపోతాను.